దింపుడు కళ్లం దగ్గర తేనెటీగలు

పొద్దున పాలు కాస్తుంటే మిషన్ తిరుగుతున్న చప్పుడు వినిపించింది. మిషన్ తాళంచెవి నా కొంగుకే ఉంది. మా ఆయన ఉమాశంకర్ స్నానానికి వెళ్లాడు. తాళం వేసిన పిండిమిషన్ దానంతటది తిరగడమేమిటని పొయ్యి ఆర్పేసి వీధిలోకి వచ్చాను.

తిరుగుతున్నది మిషన్ కాదు. మిషన్ ముందున్న వేపచెట్టు చుట్టూ తేనెటీగలు. చెట్టు తల కనపడనంత దట్టంగా గిర్రున తిరుగుతున్నాయి. చూస్తుండగానే రోడ్డు మీదికి సాగిన కొమ్మకు ఒకటి, దాన్ని పట్టుకుని ఇంకొకటి వాలడం మొదలుపెట్టాయి. నేను కాఫీ కలుపుకుని కిటికీ దగ్గరికి వచ్చేసరికి కొమ్మకు నిండు గోనెసంచి కట్టినట్టుగా వేలాడుతున్నాయి.

మా పుంగనూరులో తేనెటీగల గురించి తెలియని మనిషి లేడని ఆ పూటే తెలిసింది. పాలవాడు దివిటీ పెట్టి కాల్చమన్నాడు. టమోటా తోట ఉన్నాయన మందు కొట్టే మిషన్ పంపుతానన్నాడు. ఎదురింటావిడ లక్ష్మీదేవి నడిచొచ్చిందని పసుపునీళ్లు చల్లమంది, తను మాత్రం గడప దాటలేదు. మా ఆయన ఇంట్లోని కిటికీలన్నీ మూసి, మూసిన కిటికీలనే మళ్లీ ఒకసారి మూసి, ఫైరింజన్ వాళ్ల నెంబరు వెతుకుతూ మంచం మీద కూర్చున్నాడు. ఆపదలో ఆయన చేయగలిగింది అంతే. పెళ్లయిన కొత్తలోనే నాకది అర్థమైంది.

నాకు మదనపల్లెలో నాతో చదువుకున్న కెజియా గుర్తొచ్చింది. వాళ్ల తమ్ముడు ప్రకాష్ బాబు మామిడితోటల్లో తేనెపెట్టెలు పెడతాడు. ఫోన్ చేస్తే కుప్పం దగ్గర ఏదో తోటలో ఉన్నాడు. ముందు ఫోటో పెట్టమన్నాడు. పెట్టాక తనే చేశాడు.

“ఇవి పెద్దీగలక్కా. కొండల్లో పట్టు పెట్టేటివి. నా పెట్టెల్లో ఇవి ఉండవు. నేనొచ్చినా పట్టుకోని పోలేను.”

“మరి నన్నేం జెయ్యమంటావు?”

“ఏం జెయ్యొద్దు. మీకు అదే కష్టం” అని నవ్వాడు. “దావలో అలిసిపోయి కూసున్నాయి అవి. ఆడ పట్టు లేదు, తేనె లేదు, పిల్లలు లేవు. కాపాడుకొనేదేం లేదు గాబట్టి వాటికి కోపం గూడా తక్కవే. దినమో రెండు దినాలో ఉండి లేసిపోతాయి. పొగ బెట్టొద్దు, మందు గొట్టొద్దు, రాళ్లెయ్యొద్దు. చెట్టు కింద ఆవులు గీవులు కట్టేసుంటే మెల్లిగా విప్పి తోలకపోండి. సద్దు మాత్రం అసలొద్దు. నీ మిషన్ ఆపెయ్యి.”

“సద్దయితే?”

“సద్దు జేసి లేపినారంటే మనిషిని వొదలవక్కా. పరిగెత్తితే ఎంటబడి వస్తాయి. ఒక పెండ్లి ఊరేగింపులో టపాకాయలు కాలిస్తే పెండ్లికొడుకే గుర్రం దిగి కాలవలో పడినాడు.”

ఆ మాట వింటుండగానే రెండిళ్ల అవతల నుంచి కాంతమ్మత్త ఏడుపు వినిపించింది. ఫోన్ చెవి దగ్గరే ఉంది, ప్రకాష్ బాబు ఇంకా ఏదో చెబుతున్నాడు, నాకు మాత్రం ఏమీ ఎక్కలేదు. ఆమె భర్త చెంగల్రాయుడు మామ పోయాడు. నెల రోజులుగా మంచంలోనే ఉన్నాడని తెలుసు. పోవడానికి ఈ పూటే దొరికిందా ఆ మనిషికి!

గోరుచుట్టు మీద రోకటిపోటు అని ఊరికే అనలేదు. చెంగల్రాయుడు మామ అంటే మా వీధిలో ఎవరు పోయినా పాడె ముందు టపాకాయలు కాల్చే మనిషి. ఆయనది కిరాణా అంగడి. దీపావళికి తెచ్చిన సరుకులో కొంత పక్కన పెట్టుకుని, ఏడాది పొడుగునా చావులకు వాడేవాడు. ఎవరి దగ్గరా పైసా తీసుకునేవాడు కాదు. “పుట్టేటప్పుడు మనిషి అరుస్తా వస్తాడు. పొయ్యేటప్పుడు దొంగ మాదిరిగా పోగూడదు” అనేవాడు. మా అత్తగారు పోయినప్పుడు శ్మశానానికి ముందు పారే వంక దాకా ఆయనే ముందు నడిచి పేల్చాడు. ఆ చప్పుడుకి మా ముసలామె ఎంత పెద్ద మనిషో అనిపించి నాకే గర్వమేసింది.

ఆ తర్వాతే మాకూ ఆయనకూ చెడింది. పిండితో పాటు మిరపకాయలు ఆడే మిషన్ కూడా పెట్టాను. ఆ ఘాటు ఆయన ముక్కుకు పడేది కాదు. ఆయన తుమ్మితే వీధి చివర కుక్కలు లేచి కూర్చునేవి. తుమ్మిన ప్రతిసారీ “సంపేసింది రా నాయనా!” అని అరుగు మీద నుంచి కేకేసేవాడు. మున్సిపాలిటీలో అర్జీ పెట్టాడు. “నీ టపాకాయల పొగ కంటే నా మిరప్పొడి నయం” అని నేనూ నడివీధిలో అన్నాను. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఆయన పేపరు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడని చూసుకునే మిరపకాయలు పోసేదాన్ని. దాచుకోవడానికేముంది, అదొక సరదా నాకు. తుమ్ము వినపడకపోతే ఆ రోజు కారం సరిగ్గా ఆడలేదేమో అనిపించేది.

ఇప్పుడు ఆయన పాడె నా ఇంటి ముందు నుంచే పోవాలి. అంతే అయితే పరవాలేదు. మా వీధి శవాలకు దింపుడు కళ్లం ఆ వేపచెట్టు కిందే. పాడెను అక్కడ నేల మీద దించి, కొడుకు తండ్రి చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలుస్తాడు. ఒకవేళ ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే పలుకుతాడని. ఎవరూ పలకలేదు ఇప్పటిదాకా. అయినా పిలుస్తారు. పలకల వాళ్లు అక్కడే రెచ్చిపోయి వాయిస్తారు, పెద్ద టపాకాయలు అక్కడే కాలుస్తారు. సరిగ్గా దాని నెత్తి మీద ఈగల గోనెసంచి వేలాడుతోంది.

అప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. వంటింట్లోకి పోయి ఏం పనికొచ్చానో మరిచిపోయి మళ్లీ కిటికీ దగ్గరికి. ఈగలు లేచిపోతాయేమోనని చూడటం, పోకపోతే తిట్టుకోవడం. పొద్దెక్కింది. చావింటి ముందు షామియానా లేచింది. గుత్తిలో నుంచి అప్పుడప్పుడు పది ఈగలు విడిపోయి ఒక చుట్టు చుట్టి మళ్లీ అందులోనే కలిసేవి. అవి విడిపోయినప్పుడల్లా లేచాయనుకుని కిటికీకి ముఖం ఆనించేదాన్ని. మా ఆయన “తలుపేసుకొని ఉందాంలే భారతీ, మనకెందుకు” అన్నాడు. ఆ మాటతోనే నేను చెప్పులేసుకున్నాను.

చావింట్లో ఎవరూ ఎవరినీ రమ్మనరు కాబట్టి నన్నెవరూ రావద్దని కూడా అనలేదు. మామను వరండాలో పడుకోబెట్టారు. తుమ్మీ తుమ్మీ ఎప్పుడూ ఎర్రగా ఉండే ముక్కులో దూది పెట్టారు. అది చూసి ఒక్క నిమిషం చెప్పవలసిన మాట మరిచిపోయాను. పక్కనే ఆయన కొడుకు రమణ అట్టపెట్టె విప్పుతున్నాడు. దాని నిండా పొడుగాటి టపాకాయల సరాలు. తన కోసమని మంచం కింద దాచుకున్న పెట్టె అది.

“రమణా, ఒక మాట.”

“ఏంది వదినా” అన్నాడు తలెత్తకుండా.

“మా వేపచెట్టుకి తేనీగలు పట్టినాయి. పెద్దీగలు. ఆడికొచ్చేసరికి పలకలు ఆపాల. టపాకాయలు గూడా...”

మాట పూర్తి కాలేదు. వాడు లేచి నిలబడ్డాడు. “టపాకాయలు వొద్దంటావా? ఎవురికి, మా నాయనకా? ఈ వీధిలో పోయినోళ్లందర్నీ సందడిగా తోలినోడు, ఆయన్ని దొంగ మాదిరిగా తీసకపొమ్మంటావా?”

కర్మలు దగ్గరుండి జరిపించే గోవిందప్ప పాడెకు తాడు బిగిస్తున్నవాడు ఆగి, “పగ తీర్సుకొనేదానికి ఈ దినం దొరికిందా తల్లీ నీకు?” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. “పగే ఉంటే నోరు మూసుకొని ఇంట్లో కూసుంటా గదా గోవిందప్పా! నా వాకిళ్లు మూసుండాయి, కిటికీలు మూసుండాయి. మీరు పేల్సుకొని ఈగలతో కుట్టించుకుంటే నాకేం పొయ్యేది? సెప్పేదానికి యాల రావాల నేను?”

చావింట్లో న్యాయం ఎవరిక్కావాలి? వేరే దారిలో పొమ్మన్నాను. ఆ దారిలోని గంగమ్మ గుడి ముందర శవం పోకూడదన్నాడు గోవిందప్ప. అదీ నిజమే. పోనీ ఇంకొకచోట దించమన్నాను.

“తాతల కాలం నుండి ఆడనే దించుతాండారు. సోటు మారిస్తే పిలుపు చేరదు” అన్నాడు.

ఇంతలో రమణ పాడె కట్టగా మిగిలిన వెదురుబొంగు తీసుకుని దాని కొనకు పాతగుడ్డ చుడుతున్నాడు. “ఈగలే గదా, నేనే కాలుస్తా పా” అంటూ కిరసనాయిలు పోశాడు. పొద్దుటి నుంచి ఏడవలేదట. ఏదో ఒకటి తగలబెడితే తప్ప వాడికి ఊపిరాడేలా లేదు. నాకు వాడి మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

వాడు ముందు, నేను వెనక పరుగు. చెట్టుకు కాస్త ఇవతల వాడిని దాటి, బొంగుకు అడ్డంగా నిలబడ్డాను. మా కిటికీ సందులోంచి మా ఆయన “భారతీ, లోపలికి రా” అని గుసగుసగా అరుస్తున్నాడు. నా నెత్తికి కొంచెం పైన ఆ గుత్తి. అంత దగ్గర్నుంచి చూడటం అదే మొదలు. పై నుంచి కిందికి దాని ఒంటి మీద అల జారుతోంది. భయం వేసిందని చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

“తప్పుకో వదినా.”

“తప్పుకుంటా. నేను సెప్పేది విని అగ్గిపుల్ల గియ్యి” అన్నాను, గొంతు తగ్గించి. “ఇప్పుడు కాలిస్తే సగం సస్తాయి, సగం లేస్తాయి. లేసినవి సాయంత్రం దాకా ఈ వీధిలోనే తిరగతా ఉంటాయి. అప్పుడు పాడె వస్తాది. ఎత్తినోళ్లు నలుగురు. వాళ్ల చేతులు ఖాళీగా ఉండవు గదా, మొకాన కుడితే ఏం జేస్తారు? నువ్వే సెప్పు.”

వాడు అగ్గిపెట్టె గుప్పిట్లో బిగించాడు.

“పాడె ఆడనే పడేసి పరిగెత్తుతారు. వాళ్ల తప్పు లేదు. గోవిందప్ప గూడా పరిగెత్తుతాడు, నువ్వు గూడా పరిగెత్తుతావు. ఈ వీధిలో అందర్నీ కడదాకా సాగనంపిన మనిషి నడిరోడ్డు మీద ఒంటిగా పడుంటాడు. పక్కన ఒక్కడుండడు. అది సూడాల్నా మీయమ్మ?”

వెదురుబొంగు కొన నేలకు వాలింది. రమణ దాన్ని వదల్లేదు, ఎత్తనూ లేదు. వెనక అలికిడైతే తిరిగి చూశాను. కాంతమ్మత్త. ఇద్దరాడవాళ్లు పట్టుకుని ఉన్నారు. ఆమె కళ్లెత్తి కొమ్మకేసి చూసింది. మా ఇళ్ల మధ్య మాటలు పోయాక ఆమె గొంతు నా వైపు తిరగడం అదే మొదటిసారి.

“ఏం జెయ్యమంటావు భారతీ?”

“మా మిషన్ గోడ కాడి నుండి వంక దాకా సద్దు వొద్దత్తా. పలకలు చంకన పెట్టుకోని నడవాల. ఊదొత్తులు వొద్దు, సెంటు సల్లొద్దు. పిలుపు మెల్లిగా పిలవాల. వంక దాటినాక ఆ పెట్టెంతా కాల్సుకోండి. నేనేమన్నా అంటే అడుగు.”

ఆమె రమణ చేతిలోంచి బొంగు తీసుకుని గోడకు ఆనించింది. వాడు చిన్నపిల్లాడిలా వెంట నడిచాడు.

పొద్దు వాలకముందే బయలుదేరాలి కనుక మధ్యాహ్నం దాటగానే ఎత్తారు. ఈగలు లేవలేదు. వాటంతటవే లేచి వెళ్లిపోతాయని చివరిదాకా ఆశపడ్డాను. నేను మిషన్ గోడ మొదట్లో నిలబడ్డాను. పలకల చప్పుడు దగ్గరికొస్తోంది. గోడ దగ్గరికి రాగానే నేను చెయ్యెత్తాను. పలకలు ఆగిపోయాయి. అంత చప్పుడు ఒక్కసారి ఆగేసరికి చెవుల్లో ఏదో గుయ్యిమంది. అది ఈగల రొద అని తర్వాత తెలిసింది.

అప్పుడు చూశాను, అందరం మరిచిపోయినదాన్ని. ముందు నడుస్తున్న రమణ చేతిలో ఉట్టికి వేలాడే నిప్పుకుండ. అందులో పిడకలు మండి తెల్లటి పొగ తాడులా పైకి లేస్తోంది. చితికి పెట్టే నిప్పు, లేకుండా పోదు. పొగ బెట్టొద్దని ప్రకాష్ బాబు మొదటే చెప్పాడు. అందరికంటే ముందు ఆ కుండే కొమ్మ కిందికి పోతుంది.

“ఆగు!” అన్నాను గుసగుసగా. కుండను చూపించాను. గోవిందప్ప వెంటనే తల అడ్డంగా ఊపాడు. “నిప్పు ఆర్పగూడదు. ఇంటి నిప్పు ఆరిపోతే అపచారం.”

కాంతమ్మత్త ఆడవాళ్ల చేతులు విడిపించుకుని మా మిషన్ పక్కకు నడిచింది. అక్కడ నీళ్లు కాచుకునే పొయ్యి ఉంది. కొంగు పరిచి రెండు చేతులా చల్లటి బూడిద ఎత్తుకొచ్చింది. రమణ చేతిలోని కుండలో పిడకల మీద మెల్లగా, అన్నం కలిపినంత ఒద్దికగా పరిచింది.

“ఆరదు” అంది గోవిందప్పతో. “ఆయన కోసరం దినామూ నివురు కప్పి, తెల్లారి రాజేసి కాఫీ పెట్టినదాన్ని. నాకు తెలుసు.”

పొగ సన్నబడింది. తర్వాత అదీ లేదు.

నడిచారు. చెప్పులు విప్పి చేతుల్లో పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. బొరుగులు చల్లే మనిషి విసరడం మాని, వంగి నేల మీద పెట్టినట్టుగా వదులుతున్నాడు. మా ఆయన తలుపు తీసుకుని బయటికొచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. అది భయానికో మర్యాదకో నేనడగలేదు.

పాడెను కొమ్మ కింద దించారు. ఒక ఈగ విడివడి వచ్చి మామ మెడలోని బంతిపూల దండ మీద వాలింది. ఇంకొకటి రమణ ముంజేతి మీద పాకింది. వాడు కదల్లేదు. మోకాళ్ల మీద కూర్చుని తండ్రి చెవి దగ్గరికి వంగాడు.

ఈ చెట్టు కింద ఎన్ని పాడెలు దించడం చూశానో లెక్కలేదు. పెదాలు కదలడం కనపడేది. పలకల మోతలో, టపాకాయల మోతలో కొడుకు ఏమని పిలుస్తాడో ఒక్కసారి కూడా విన్లేదు. మా అత్తగారిని మా ఆయన ఏమని పిలిచాడో నాకు తెలీదు. ఆ రోజు వీధి వీధంతా విన్నది.

“నాయనా” అన్నాడు రమణ. అంగడి కట్టేయాల, లే, అని చెప్పినట్టుగానే అన్నాడు.

ఆగి, “నాయనా” అన్నాడు మళ్లీ. ఈసారి గొంతు తడి.

మూడోసారి మాట పూర్తిగా రాలేదు. “నాయ...” అని తండ్రి చెంపకు చెంప ఆనించి ఉండిపోయాడు. పొద్దుటి నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది, చప్పుడు చేయకూడదు కాబట్టి వీపు మాత్రమే ఎగిసిపడుతోంది. ఎవరూ లేపలేదు. పైన కొమ్మ కదల్లేదు.

నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఈగల కోసమే అనుకున్నాను. కాదు. నా చూపు ఆయన ముక్కు మీదే ఉంది. ఇది మిరపకాయల మిషన్ గోడ. గోడకీ నేలకీ చెట్టు బెరడుకీ ఏళ్ల తరబడి పట్టిన కారం. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా ఇంత దగ్గరగా ఆయనెప్పుడూ రాలేదు. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ తుమ్ముతాడు? తుమ్మి, దూది ఎగిరిపోయి, లేచి కూర్చుని నన్ను చూసి “సంపేసింది రా నాయనా” అంటాడని, పక్కనున్న మా ఆయన చెయ్యి నొక్కిపెట్టి, నిజంగా ఎదురుచూశాను.

పాడె ఎత్తారు.